గడ్డి వరస పడ్డ చోట మొక్కజొన్న పాలిపోతోంది, యూరియా ఎలా వేయాలి?

కాలువచివర
తెనాలి పక్క నల్లరేగడి మాగాణి. సాంబ మసూరి వరిని చైన్ మిషన్‌తో (చక్రాల బదులు చైన్ల మీద నడిచే కోత యంత్రం) కోయించి, దున్నకుండా డిసెంబరు 3న తాడు పట్టి 60 × 20 సెం.మీ. దూరంలో కర్రతో గుచ్చి మొక్కజొన్న పెట్టాం. ఇవాళ్టికి 26 రోజులు. మిషన్ వెనక గడ్డి పడ్డ వరసల్లో మొక్క పాలిపోయింది, జానెడు పొట్టిగా ఉంది. ఆ వరసలు నాలుగైదు అడుగుల వెడల్పు. మధ్యలో గడ్డి లేని చోట ముదురాకుపచ్చ. గట్టు మీద నిలబడి చూస్తే చేను చారలు చారలుగా ఉంది. పదో రోజున ఎకరాకు డీఏపీ ఒక కట్ట, ఇరవయ్యో రోజున యూరియా ఒక కట్ట చల్లించాం. నీళ్ల వంతు యూరియా చల్లిన నాలుగు రోజులకు వచ్చింది. పక్క చేను ఆయన "గడ్డి యూరియాను తినేసింది, ఇంకో రెండు కట్టలు కొట్టు" అంటున్నాడు. ఎరువుల కొట్లో జింకు, నానో యూరియా కలిపి పిచికారీ చేయమన్నారు. ఇంకొకరు వచ్చే ఏడు గడ్డి తగలబెట్టెయ్ అంటున్నారు. ఇప్పుడు ఎంత వేయాలి, ఎలా వేయాలి?

నల్లరేగడి
ముందు ఒకటి చెప్పండి. పసుపు కింది ఆకుల్లోనా, పై ఆకుల్లోనా? ఆకు అంచు నుంచా, నడిమి ఈనె వెంబడా?

కాలువచివర
కింది రెండు మూడు ఆకులు. కొస దగ్గర మొదలై నడిమి ఈనె వెంబడి లోపలికి దిగుతోంది, అంచులు ఇంకా కాస్త పచ్చగానే ఉన్నాయి. పై ఆకులు లేత ఆకుపచ్చ. కాండం సన్నం.

నల్లరేగడి
అయితే అది నత్రజని లోపమే, జింకు కాదు. జింకు లోపమైతే లేత ఆకుల్లో, మొదలు వైపు, ఈనెకు అటూ ఇటూ తెల్లటి పట్టీలు పడతాయి, మొగ్గ తెల్లబడుతుంది. పొటాష్ లోపం కూడా ముదురాకుల్లోనే వస్తుంది కానీ అంచు వెంబడి మాడుతుంది. గంధకమైతే లేత ఆకుల మీద సన్న చారలు. భాస్వరమైతే ఊదారంగు. మీరు చెప్పిన ఆకారం, కొస నుంచి ఈనె వెంట దిగే పసుపు, నత్రజనికే సరిపోతుంది.

ఎందుకంటే వరిగడ్డిలో నత్రజని సుమారు 0.6 శాతం. టన్ను గడ్డిలో కర్బనం 400 కిలోలుంటే నత్రజని ఆరు కిలోలే. అంటే కర్బనం, నత్రజని సుమారు 67కు 1. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు 25కు 1 దగ్గర ఉంటేనే సరిపోతుంది. తక్కువ పడ్డది మట్టి నుంచి, మీరు వేసిన యూరియా నుంచి లాక్కుంటాయి. గడ్డిని మట్టిలో కలియదున్నితే టన్నుకు ఆరేడు కిలోల నత్రజని అదనంగా వేయమనేది అందుకే. పక్క చేను ఆయన మాటలో సగం నిజం ఉంది.

పొలంగట్టు
నల్లరేగడి గారూ, ఆ లెక్క కలియదున్నిన గడ్డికి. ఇక్కడ గడ్డి పైనే పడి ఉంది. మట్టికి ఆనుకున్న కింది అంగుళం మాత్రమే కుళ్లుతుంది, పైది ఎండి అలాగే ఉంటుంది. 26 రోజుల్లో అది తినే నత్రజని మీరు చెప్పినంత ఉండదు. నా లెక్కలో ఇక్కడ అసలు దొంగ గాలి. గడ్డి మీద పడ్డ యూరియా గుళిక మట్టిని తాకనే లేదు. డిసెంబరులో తెల్లవారుజామున మంచు పడుతుంది, ఆ తడికి గుళిక కరుగుతుంది. గడ్డి మీద యూరియేజ్ ఎంజైమ్ మట్టిలో కంటే ఎక్కువ, అది యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది. పది గంటలకు ఎండ వచ్చేసరికి అమ్మోనియా గాలిలో కలుస్తుంది. నాలుగు రోజులు తడి లేదన్నారు కదా, అంటే నాలుగు మంచులు, నాలుగు ఎండలు. మన నల్లరేగడిలో పీహెచ్ ఎనిమిదికి అటూ ఇటూ, నష్టం ఇంకా ఎక్కువ. ఇలాంటి చోట వేసిన యూరియాలో మూడో వంతు పోయినా ఆశ్చర్యం లేదు.

కాబట్టి పైన ఇంకో రెండు కట్టలు చల్లితే అవీ అదే దారిన పోతాయి.

గట్టుమీదకొంగ
రెండూ ఉంటాయి బాబాయ్. తినేది కొంత, ఆవిరయ్యేది కొంత. రైతుకు రెంటికీ మందు ఒకటే: యూరియాను గడ్డి కిందకి దించాలి.

పొలంగట్టు
ఆ మాట ఒప్పుకుంటా.

దుబ్బుపిలక
మూడోది ఎవరూ అడగలేదు. చైన్ మిషన్ గడ్డిని తన నడుమ నుంచే వదులుతుంది. అంటే గడ్డి వరసకు అటూ ఇటూ, కాస్త దాని కిందా చైన్ జాడలు ఉంటాయి. కోతప్పుడు మడి తడిగా ఉంటే ఆ జాడలో మట్టి అణిగిపోయి వేరు దిగదు, నీళ్లు నిలుస్తాయి. అప్పుడు కూడా మొక్క ఇలాగే పాలిపోతుంది, దానికి యూరియా వేసి లాభం లేదు. గునపం తీసుకుని గడ్డి వరసలో రెండు మొక్కలు, బయట రెండు మొక్కలు మట్టితో సహా పెళ్లగించండి. వేళ్లు తెల్లగా ఉన్నాయా, నల్లబడ్డాయా? పక్కలకు వెళ్లాయా, గుచ్చిన బెజ్జంలోనే చుట్టుకున్నాయా? మట్టి ముద్ద విరిచి వాసన చూడండి, కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి ఆడటం లేదని.

కాలువచివర
చూశాను. గడ్డి కింద, జాడ లేని చోట వేళ్లు తెల్లగా, జానెడు దాకా పక్కలకు పోయాయి. అక్కడా మొక్క పాలిపోయే ఉంది. జాడలో ఉన్న వాటికి మాత్రం వేళ్లు బెజ్జంలోనే తాడులా చుట్టుకున్నాయి. బెజ్జం గోడ అద్దంలా నున్నగా ఉంది, గోరు కూడా దిగడం లేదు. వాసన లేదు. జాడలో మొక్కలు ఆ చారల్లో నాలుగో వంతు ఉంటాయి.

దుబ్బుపిలక
ఆ నున్నటి గోడ తడి ఎక్కువున్నప్పుడు గుచ్చడం వల్ల వస్తుంది. కర్ర తిప్పి తీస్తే ఇంకా పాలిష్ పట్టినట్టు అవుతుంది. మట్టి ముద్ద చేసి వేళ్ల మధ్య నొక్కితే పగలాలి, రిబ్బనులా సాగకూడదు, అదే గుచ్చే పదును. ఇప్పుడు ఆ నాలుగో వంతుకు చేయగలిగింది, మొక్కకు బెత్తెడు దూరంలో గునపంతో ఒక పోటు పొడిచి మట్టి కదిలించి, అదే గుంటలో మందు వేయడం. మిగతా ముప్పాతిక వంతు మొక్కలకు వేరు బాగుంది కాబట్టి మందు అందితే పది రోజుల్లో తేరుకుంటాయి.

మాగాణిమట్టి
లెక్క వేసుకుందాం. రబీ హైబ్రిడ్‌కు ఎకరాకు నత్రజని 80 నుంచి 96 కిలోలు, భాస్వరం 32, పొటాష్ 32. సున్నా దుక్కిలో పై అంకె తీసుకోవడమే మేలు. మీరు వేసింది:
డీఏపీ కట్ట 50 కిలోలు = నత్రజని 9, భాస్వరం 23.
యూరియా కట్ట 45 కిలోలు = నత్రజని 20.7.
మొత్తం కాగితం మీద 30 కిలోలు. 96 చేయాలంటే ఇంకా 66 కావాలి, అంటే మూడుంపావు కట్టల యూరియా. మీ పంట ఇంకా దండిగా తినే వయసుకు రాలేదు, కాబట్టి ఒకేసారి పోయకండి. పొటాష్ అసలు పడలేదు, అది మర్చిపోవద్దు.

ఈ మూడుంపావును మూడు దఫాలు చేయండి. ఇప్పుడే, ఈ మూడు రోజుల్లో, ఒకటింపావు కట్ట, దాంతో పాటు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 25 కిలోలు. 45-50 రోజులకు ఇంకో ఒకటింపావు, పొటాష్ ఇంకో 25. జల్లు (మొక్క కొసన వచ్చే మగపూత) తీసే ముందు ముప్పావు కట్ట. ఇప్పటి దఫాలో గడ్డి వరసలకు కాస్త ఎక్కువ, బయట పచ్చగా ఉన్న సాళ్లకు తక్కువ పడేలా పంచుకోండి. చేనంతా ఒకే కొలతన వేయాల్సిన పని లేదు.

నల్లరేగడి
ఆలస్యం చేయొద్దని నా మాట కూడా కలుపుకోండి. ఆరేడు ఆకుల దశ దాటితే కండె మీద గింజల వరసలు ఎన్నో తేలే పని లోపల మొదలవుతుంది. అప్పుడు ఆకలితో ఉంటే తర్వాత ఎంత పోసినా ఆ వరసలు తిరిగి రావు. పూత నాటికి మొక్క తన మొత్తం నత్రజనిలో మూడింట రెండొంతులు తీసేసుకుంటుంది.

కాలువచివర
సరే, ఎంతో తెలిసింది. ఎలా?

పొలంగట్టు
సాలులో రెండు మొక్కలకు మధ్య, సరిగ్గా నడుమ, గడ్డి పక్కకు తోసి కర్రతో 5-7 సెం.మీ. లోతు గుచ్చండి. అందులో మందు వేసి మడమతో నొక్కి మూసేయండి. మూయకపోతే సగం ఫలితం పోయినట్టే. 60 × 20లో ఎకరాకు 33,333 మొక్కలు, రెండు మొక్కలకు ఒక గుంటంటే పదహారు వేల పైచిలుకు గుంటలు. ఒకటింపావు కట్ట 56 కిలోలు, గుంటకు మూడున్నర గ్రాముల లోపు. మన టీ చెంచా తలగొట్టి తీస్తే యూరియా అంతే పడుతుంది. ఏ చెంచా, ఏ సీసా మూత వాడినా ముందు పది కొలతలు పోసి కిరాణా కాటా మీద తూచి చూసుకోండి, మూతకూ మూతకూ తేడా ఉంటుంది. పొటాష్ అదే గుంటలో వేయొచ్చు, కలిపి బకెట్లో ఎక్కువసేపు ఉంచకండి, తడి పీల్చి ముద్ద కడుతుంది.

మొక్క మొదట్లో ఆనించి గుచ్చొద్దు. యూరియా గుంటలో అమ్మోనియా పుట్టినప్పుడు లేత వేరు కాలుతుంది.

ఒకటిన్నరఎకరం
పదహారు వేల గుంటలా! సంక్రాంతి రెండు వారాల్లో పెట్టుకుని ముఠా ఎక్కడ దొరుకుతుంది? కూలి లెక్క వేస్తే యూరియా కట్ట 266 రూపాయలు, దాన్ని భూమిలో పెట్టడానికి అంతకు ఎన్నో రెట్లు. అందరూ చల్లేది అందుకే.

గట్టుమీదకొంగ
కూలి దొరకని వాళ్లకు మధ్య దారి ఉంది. గడ్డిని సాలు విడిచి సాలుకు లాగేయండి. అంటే రెండు సాళ్ల నడుమ ఒక సందులో గడ్డి అంతా, పక్క సందు ఖాళీ. పళ్ల కర్రతో ఇద్దరు మనుషులు చాలు. యూరియా ఖాళీ సందులో మాత్రమే, సన్న గీతలా పోసుకుంటూ పోవాలి, చెల్లాచెదరుగా చల్లకూడదు. ఖాళీ సందులో పోస్తే గుళిక గడ్డి మీద పడదు, నష్టమూ తక్కువ. పోసిన రోజే తడి. వంతు రేపు ఉందంటే యూరియా రేపే పోయండి, ఇవాళ కాదు.

దుబ్బుపిలక
తడి ముందా మందు ముందా అనేది నల్లరేగడిలో అంత తేలిక కాదు. తడి ఇచ్చి బురద మీద చల్లితే అన్నిటి కన్నా ఎక్కువ నష్టం: యూరియా కరుగుతుంది, లోపలికి దిగడానికి నీళ్లు లేవు, పై పొరలోనే అమ్మోనియా అయి లేచిపోతుంది. పొడి నేల మీద పోసి వెంటనే పల్చగా తడి ఇస్తే నీటితో దిగుతుంది. యూరియా మట్టిని అంటుకుని ఉండదు కాబట్టి అర అంగుళం నీళ్లు చాలు. కానీ నెర్రెలు వేలు దూరేంత విచ్చాక తడి పెడితే నీళ్లు, మందు నెర్రెల్లోంచి అడుగుకు పోతాయి. అందుకని నెర్రెలు వెంట్రుకలంత ఉన్నప్పుడే తడి. నీళ్లు ఒక పూట మించి నిలవకుండా మురుగు బోదె తెరిచి పెట్టండి. నిలిస్తే అప్పటికే నైట్రేట్‌గా మారింది గాలి లేక నైట్రోజన్ వాయువై పోతుంది, వేరూ దెబ్బతింటుంది. 30 రోజుల లోపు మొక్కజొన్న నిలవ నీటిని అసలు ఓర్చుకోదు.

గడ్డివాము
నానో యూరియా సంగతి ఎవరూ చెప్పలేదు. కొట్లో కట్టతో పాటు సీసా కొంటేనే ఇస్తామంటున్నారు కదా.

మాగాణిమట్టి
కట్టతో సీసా అంటగట్టడం తప్పు, అడిగితే విడిగా ఇవ్వాలి. విషయానికి వస్తే, 4 శాతం రకం అర లీటరు సీసాలో నత్రజని 20 గ్రాములు. కట్టలో 20.7 కిలోలు. ఎకరాకు 66 కిలోలు తక్కువ పడ్డ చేనుకు అది మందు కాదు. ఆకు మీద కొట్టే ఉద్దేశం ఉంటే మామూలు యూరియానే లీటరుకు 20 గ్రాములు కలపండి. 200 లీటర్లకు 4 కిలోలు, అంటే నత్రజని 1.8 కిలోలు. ఇదీ తాత్కాలికమే, గుంటలో వేసింది అందే దాకా వారం రోజులు ఆకు రంగు నిలబెట్టడానికి. సాయంత్రం పూట కొట్టాలి, మిట్టమధ్యాహ్నం కొడితే కొసలు మాడతాయి.

జింకు లక్షణం లేకుండా జింకు కొట్టడం డబ్బు దండగ. లక్షణం ఉంటే లీటరుకు జింకు సల్ఫేట్ 2 గ్రాములు, వారం తేడాతో రెండుసార్లు.

పొలంగట్టు
ఇంకో మాట. పొద్దున్నే మంచు ఆరకముందు యూరియా చల్లొద్దు. గుళికలు తడి ఆకుల మీద జారి సుడిలో చేరతాయి, సుడి మాడి ఆకు తెల్లగా చిల్లులు పడుతుంది. దాన్ని కత్తెర పురుగు అనుకుని మందు కొట్టిన వాళ్లున్నారు. కత్తెర పురుగైతే సుడిలో రంపపు పొట్టు లాంటి రెట్ట కనిపిస్తుంది, చూసి తేల్చుకోండి.

అయోవాపొలం
ఇక్కడ అమెరికా మధ్య రాష్ట్రాల్లో దున్నకుండా మొక్కజొన్న వేసే వాళ్లకు ఇదే గొడవ. గడ్డి మాత్రం వరిది కాదు, పోయిన ఏటి మొక్కజొన్న కాడలు, లేదా శీతాకాలంలో పెంచి చంపిన రై గడ్డి. రెండింట్లోనూ కర్బనం ఎక్కువ. వీళ్లు పట్టుకున్న సూత్రం ఒకటే. గడ్డి ఎక్కువున్న చోట మొదటి నత్రజని ముందే పడాలి, విత్తనం దగ్గరే పడాలి. ప్లాంటర్‌తో పాటే విత్తనానికి 2 అంగుళాల పక్క, 2 అంగుళాల కింద కొంత ఎరువు పెడతారు. రై గడ్డి మీద వేస్తే ఎకరాకు 14 నుంచి 23 కిలోల నత్రజని విత్తేటప్పుడే ఇవ్వమంటారు. తర్వాతి దఫా ద్రవరూప యూరియా అమ్మోనియం నైట్రేట్. దాన్ని గడ్డి మీద వాన జల్లులా కొట్టరు, సాళ్ల మధ్య సన్న ధారలా వదులుతారు, లేదంటే పళ్లెం లాంటి చక్రంతో గడ్డి కోసి మట్టిలోకి దించుతారు. పైన చల్లక తప్పకపోతే యూరియాకు ఎన్‌బీపీటీ అనే మందు పట్టిస్తారు, అది యూరియేజ్‌ను వారం పది రోజులు ఆపుతుంది. ఈ లోపు వాన పడితే గట్టెక్కినట్టే.

ఒకటిన్నరఎకరం
మన యూరియాకు వేప పూత ఉంది కదా, అది ఆ పని చేయదా?

అయోవాపొలం
చేయదు. మట్టిలో అమ్మోనియం కాస్తా నైట్రేట్‌గా మారడాన్ని వేప పూత నెమ్మదిస్తుంది. నీటితో కిందికి కొట్టుకుపోయేదాన్ని, నీరు నిలిచినప్పుడు వాయువై పోయేదాన్ని తగ్గిస్తుంది. అంతకు ముందు మెట్టు, యూరియా అమ్మోనియా అయి లేచిపోవడాన్ని ఆపదు. వేప పూత ఉంది కదా అని గడ్డి మీద చల్లి ధీమాగా ఉండకూడదు.

చెల్కమక్క
మా దిక్కు ఎర్ర చెల్కలు, వరి కోసినంక బోరు కింద మక్క పెడతరు. నెర్రెల బాధ లేదు గని నీళ్లు పెడితే మందు కిందికి జారుడు ఎక్కువ. మీరు మూడు దఫాలు అంటున్నది మేము నాలుగు ఐదు చేసుకోవాలె, ఒక్కో దఫా ముప్పావు కట్ట దాటొద్దు. గడ్డి మాత్రం మాకు వరం. ఎర్ర నేల పైన గడ్డి ఉంటే తడి రెండు మూడు దినాలు ఎక్కువ ఆగుతది. చెల్కల్ల గడ్డి కాలబెట్టుడు ఒద్దే ఒద్దు.

గడ్డివాము
కాల్చే విషయానికి వద్దాం. కాలిస్తే చేను శుభ్రం, పురుగు చస్తుంది, గుచ్చడం తేలిక. మా ఊళ్లో సగం మంది చేసేది అదే.

నల్లరేగడి
గుచ్చడం తేలిక, అది ఒప్పుకోవాలి. మిగతావి చూద్దాం. కాలిస్తే గడ్డిలోని నత్రజని దాదాపు అంతా పోతుంది, గంధకం కొంత పోతుంది, పొటాష్ బూడిదలో మిగిలినా గాలికి, నీటికి కొట్టుకుపోతుంది. వరి నుంచి మొక్కజొన్నకు ఎక్కే గులాబి రంగు కాండం తొలుచు పురుగు కొయ్యకాలి అడుగున, మట్టి మట్టాన ఉంటుంది. మంట పై గడ్డిని కాలుస్తుంది, అడుగుకు దిగదు. దానికి మందు కొయ్యకాళ్లను నేల బారుగా కోయించడం. ఇంకొకటి, నల్లబడ్డ బూడిద అట్రజిన్‌ను పీల్చేస్తుంది, కాల్చిన చోట కలుపు మందు సరిగా పని చేయదు.

గట్టుమీదకొంగ
పాముపొడ తెగులు సంగతి కూడా చూసుకోవాలి. వరిలో వచ్చిన పాముపొడ మొక్కజొన్నకూ వస్తుంది, రెండింటికీ అదే శిలీంధ్రం. వరిలో తెగులు గట్టిగా వచ్చిన మడైతే ఆ గడ్డి మొక్క మొదట్లో ఆనకుండా చూడండి, ఆ మడి గడ్డినైతే బయటికి తీసేయడమే మంచిది. తెగులు లేని మడికి ఆ భయం లేదు.

గడ్డివాము
బేలర్ పిలిచి మోపులు కట్టించి అమ్మేస్తే? పాడి రైతులు కొంటున్నారు. రెండు వైపులా లాభం కదా.

మాగాణిమట్టి
అమ్మండి, తప్పు లేదు, గేదెలు కూడా మనవే. కానీ ఏం అమ్ముతున్నామో తెలిసి అమ్మాలి. వరి తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గింజలో ఉండదు, గడ్డిలో ఉంటుంది. టన్ను గడ్డికి పొటాషియం సుమారు 15 కిలోలు. ఎకరాకు రెండు టన్నులు ఎత్తిస్తే 30 కిలోలు, ఎరువు లెక్కలో 36, అంటే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 60 కిలోలు చేను దాటిపోయినట్టు. ఏటా గడ్డి అమ్ముతూ మొక్కజొన్నకు యూరియా ఒక్కటే పోసే చేలల్లో కాండం కుళ్లు ఎక్కువగా కనిపిస్తుంది: కండె నిండే సమయానికి కణుపు దగ్గర గోధుమ రంగు, లోపల బెండు చీలి పీచు, మొక్క కూలిపోవడం. నత్రజని ఎక్కువ, పొటాష్ తక్కువ, పూతలో తడి ఎగ్గొట్టడం, ఈ మూడూ కలిస్తే ఆ తెగులుకు దారి తీసినట్టే. గడ్డి అమ్మిన డబ్బులోంచి పొటాష్ కట్ట ఒకటి కొని పక్కన పెట్టుకోండి.

ఎలుకబోను
గడ్డి ఉంచినా, తీసినా ఎలుకల వాటా ఎలుకలదే అంటారు మా ఊళ్లో. గడ్డి కుప్పగా ఉన్న చోటే విత్తనాలు తవ్వుకుపోతాయి. పల్చగా పరిస్తే గద్దలకు, కొంగలకు కనిపిస్తాయి.

గట్టుమీదకొంగ
నా వాటా నేను చూసుకుంటా అన్నా, మీరు గడ్డి పరచండి చాలు.

కాలువచివర
పల్చగా పరచడం ఎలా? మిషన్ వెళ్లిన వెంటనే మనుషుల్ని పెట్టాలా?

దుబ్బుపిలక
అసలు పని అదే. చారలు పడింది గడ్డి ఉన్నందుకు కాదు, ఒకే చోట పడ్డందుకు. ఎకరంలో రెండు టన్నుల గడ్డి మూడో వంతు నేల మీదే పడితే అక్కడ ఎకరాకు ఆరు టన్నుల లెక్క. అదే సమంగా పరిస్తే నేల కనిపించీ కనిపించకుండా ఉంటుంది, తడి నిలుస్తుంది, మొలక పైకి వస్తుంది.

పంజాబ్‌లో కోత మిషన్ వెనక సూపర్ ఎస్‌ఎంఎస్ అని గడ్డి తరిగి వెదజల్లే పరికరం బిగిస్తారు. మన చైన్ మిషన్లకు అది అరుదు. లేకపోతే కోసిన రోజు సాయంత్రమో, మర్నాడు మంచు ఆరాకో గడ్డి పెళుసుగా ఉన్నప్పుడు పళ్ల కర్రతో విసరాలి. రెండు మంచులు పడ్డాక అడుగు గడ్డి తడిసి చాపలా అంటుకుంటుంది, అప్పుడు లేవదు.

పొలంగట్టు
జీరో టిల్ ప్లాంటర్‌తో (దున్నకుండా విత్తే యంత్రం) వేసే వాళ్లకు చాపలా అంటుకున్న గడ్డి ఇంకా ప్రమాదం. గాడి తీసే కొన గడ్డిని కోయకుండా మడతపెట్టి గాడిలోకి నెడుతుంది. విత్తనం మట్టి మీద కాక గడ్డి మడతలో పడుతుంది, తడి అందదు, మొలక సగం వస్తుంది. గడ్డి విరిస్తే టప్పున విరగాలి, వంగుతుంటే మిషన్ దించకండి.

నల్లరేగడి
వచ్చే పంటకు ఇంకో రెండు. ఒకటి, కొయ్యకాళ్ల నుంచి వచ్చే వరి పిలకలు కూడా మీ నత్రజనినే తింటాయి, వాటిని మర్చిపోయి గడ్డినే తిడుతుంటాం. గుచ్చిన 48 గంటల లోపు ఎకరాకు కలుపు మందులు కొట్టాలి: పారాక్వాట్ లీటరు, అట్రజిన్ 50 శాతం పొడి కిలో నుంచి కిలోన్నర, 200 లీటర్ల నీటిలో. నీళ్లు తగ్గించొద్దు, గడ్డి పొర మీదే ఆగిపోతుంది. గడ్డి వరసలు పరచకముందు కొడితే మందు నేలకు చేరనే చేరదు. పారాక్వాట్‌కు విరుగుడు లేదు. ఒక గుక్క లోపలికి పోయినా ప్రాణం పోతుంది. వేరే సీసాలో పోసి ఇంట్లో పెట్టొద్దు, నోటితో నాజిల్ ఊదొద్దు, చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ లేకుండా కూలీని దింపొద్దు. మొక్కజొన్న తర్వాత పెసర, మినుము వేసే ఆలోచన ఉంటే అట్రజిన్ తక్కువ మోతాదులోనే ఆపండి, మిగిలింది పప్పు జాతి మొక్కను దెబ్బ తీస్తుంది.

రెండోది డీఏపీ. దుక్కి లేదు కదా అని పది, పదిహేను రోజులకు పైన చల్లుతున్నారు. భాస్వరం సున్నపు పాళ్లున్న నల్ల మట్టిలో పడ్డ చోటే ఉండిపోతుంది, వేరు దాకా దిగదు. విత్తనం గుచ్చేటప్పుడే దానికి నాలుగు వేళ్ల పక్కగా ఇంకో బెజ్జంలో పెట్టాలి. విత్తనం బెజ్జంలో మాత్రం వేయకండి, మొలక మాడుతుంది. డీఏపీ దొరక్కపోతే 20-20-0-13 రకం వాడుకోవచ్చు, గంధకం కూడా కలిసొస్తుంది. గడ్డి ఉన్న చేనుకు ఆ మొదటి నత్రజని ఎంత అవసరమో అయోవా ఆయన చెప్పింది మనకూ వర్తిస్తుంది.

ఒకటిన్నరఎకరం
జల్లు తీసే ముందు ముప్పావు కట్ట అన్నారు. అప్పుడు మొక్క తల ఎత్తు ఉంటుంది, ఆకు కోసుకుంటూ లోపలికి ఎవరు వెళ్తారు? మానేస్తే ఎంత నష్టం?

మాగాణిమట్టి
ఆకు రంగు చూసి నిర్ణయించుకోండి. కండె ఆకు కింద ఆకులు కూడా ముదురాకుపచ్చగా ఉంటే అది మానేసినా పెద్దగా పోయేదేమీ లేదు. కింది ఆకులు మళ్లీ ఈనె వెంట పసుపెక్కుతుంటే వేయాల్సిందే, లేకపోతే కండె కొసన గింజ నిండదు. వెళ్లలేని వాళ్లు బోదె నీళ్లలో కలిపి పారిస్తారు, కానీ నీళ్లు ఎక్కువ ఆగే మొదటి మడికే మందంతా చేరుతుంది. అంతకన్నా ఆ ముప్పావును 45-50 రోజుల దఫాలో కలిపి, గుంటలో వేసి మూయడం మేలు.

కాలువచివర
మాది కాలువ చివరి భూమి. జనవరి ఆఖరు తర్వాత వంతు సరిగా రాదు. బోరు ఉంది కానీ నీళ్లు కొంచెం ఉప్పగా ఉంటాయి.

దుబ్బుపిలక
అయితే చివరి దఫాను నీటిని బట్టి పెట్టుకోండి, రోజుల్ని బట్టి కాదు. తడి లేకుండా పడ్డ యూరియా దండగ, పైగా ఉప్పు నీళ్లున్న చోట యూరియా, పొటాష్ ఒక్కసారే ఎక్కువ పడితే వేరు దగ్గర ఉప్పు ఇంకా పెరుగుతుంది. రెండో దఫాను జనవరి 18-20కి, పండగ ముఠా తిరిగి రాగానే, కాలువ వంతు ఉన్నప్పుడే వేసేయండి. ముప్పావు కట్టను అందులోనే కలపండి. బోరు నీళ్లను పూతకు ముందే పరీక్ష చేయించండి. ఈసీ (నీటిలో ఉప్పు కొలత) 2 దాటితే కాలువ నీళ్లు పూతకు, పీచు తడిగా ఉండే ఆ పది రోజులకు దాచుకుని, బోరు నీళ్లు అటూ ఇటూ వాడండి. బోరు తడి ఇచ్చే రోజుల్లో సందుల్లో గడ్డి కదిలించకండి, ఎండ తగలకపోతే ఉప్పు పైకి తేలడం తగ్గుతుంది.